తొమ్మిదో వార్డు ఓటు

పోయిన వారం బెర్నడెట్ వోయ్తాస్‌ను మేయర్ ఆఫీసు మెట్ల మీద వదిలేశాం. మా పోర్ట్ మెర్విన్ ఊరికి మిగిలిన ఒకే ఒక్క గొప్ప స్టోకర్స్ ఫుట్‌బాల్ జట్టు. దానికి కొత్త స్టేడియం కట్టడానికి నగరం నలభై కోట్ల డాలర్లు ఇవ్వాలి, లేకపోతే జట్టును దక్షిణాదికి తీసుకుపోతానని యజమాని గ్రేడన్ హాల్‌స్టెడ్ టీవీలో చెప్పేశాడు. ఓటింగు మంగళవారం. కౌన్సిల్లో నలుగురు అటు, నలుగురు ఇటు. తేల్చవలసింది తొమ్మిదో వార్డు సభ్యురాలు బెర్నడెట్. "అవునని ఓటెయ్యండి, మీ వార్డులో మూసేసిన ఫైర్ స్టేషన్ జూలైకల్లా తెరిపిస్తాను" అని మేయర్ ఎమెట్ రోర్క్ ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆమెకు మాటిచ్చాడు. రెండేళ్ళుగా ఎవరేమడిగినా వద్దనే చెబుతూ వచ్చిన మనిషి మొదటిసారి "ఆలోచించుకుంటాను" అంది.

ఆ మాట అన్నందుకు మెట్లు దిగుతున్నంతసేపూ ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. కారెక్కి తిన్నగా చర్చికి వెళ్ళింది.

ఈస్టర్‌కి ముందు మాంసం మానేసే తపస్సుకాలం శుక్రవారాల్లో మా చర్చి నేలమాళిగలో చేపల విందు జరుగుతుంది. బెర్నడెట్ పెళ్ళి కాకముందు నుంచీ అక్కడ వడ్డిస్తోంది. మధ్యలో భర్త పోయాడు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, బడి బస్సు నడిపే ఉద్యోగం నుంచి రిటైరైంది, కౌన్సిలర్ కూడా అయింది. వడ్డన మాత్రం మానలేదు. ఆ రోజూ అలాగే నెత్తికి వల టోపీ పెట్టుకుని, ఏప్రన్ కట్టుకుని, వేపిన చేప, క్యాబేజీ, బంగాళాదుంప కూరిన పియెరోగీలు పళ్ళేల్లో పెట్టుకుంటూ నిలబడింది. పక్క బల్ల దగ్గర ఐరీన్ అనే ఆవిడ అవే చేపలు, అవే పియెరోగీలు వడ్డిస్తోంది.

జనం మెట్లు దిగి వచ్చి, రెండు వరుసలూ చూసి, ఐరీన్ వరుసలో నిలబడుతున్నారు. ఆ వరుస గది దాటి మెట్ల మీదికి పాకింది. బెర్నడెట్ ముందు ఎవరూ లేరు. ఆమె పెట్టిన నాలుగు పళ్ళేలూ చల్లారిపోయాయి.

"ఇటు రండి, ఇక్కడ ఖాళీగా ఉంది" అని పిలిచింది ఒకసారి. ఐరీన్ వరుసలో ముందున్న ముసలాయన తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆయన భార్యకు ఆసుపత్రి బస్సు ఏర్పాటు చేసింది బెర్నడెటే.

వాళ్ళను తప్పుపట్టడం నాకు చేతకాదు. ఉక్కు కర్మాగారం పోయింది, ఓడల మరమ్మతు యార్డు పోయింది, రెండు స్కూళ్ళు పోయాయి. జట్టొక్కటి పోలేదు. గెలవడం దానికి అలవాటు లేదు కానీ, ఆదివారం టీవీలో మా ఊరి పేరు వినిపించేది దానివల్లే. స్టోకర్స్ పోతే మా ఊరిని ఇంకెవరూ పేరు పెట్టి పిలవరు. ఆ గదిలో సగం మంది నారింజ రంగు జెర్సీలు వేసుకుని ఉన్నారు. రెండేళ్ళ క్రితం, డిసెంబరులో మా వార్డులో జెనీవా లిస్ అనే ఆవిడ ఇల్లు తగలబడినప్పుడు వీళ్ళే రోడ్డు మీద నిలబడి ఏడ్చారు. మా ఫైర్ స్టేషన్ మూసేశారు కాబట్టి బండి నది అవతల నుంచి రావలసి వచ్చింది. ఆ సమయానికి ఓడ కోసం వంతెన ఎత్తి ఉంది. ఓడ దాటి, వంతెన దిగి, బండి వచ్చేసరికి జెనీవా లేదు. స్టేడియానికి ఒక్క సెంటు కూడా ఇవ్వనని, ముందు ఫైర్ స్టేషన్ తెరిపిస్తానని బెర్నడెట్ ఎన్నికల్లో నిలబడితే వీళ్ళే గెలిపించారు. హాల్‌స్టెడ్ టీవీలో మాట్లాడాక ఆ కన్నీళ్ళు ఎవరికీ గుర్తులేవు.

వాల్ట్ వచ్చాడు. బెర్నడెట్ అన్న. స్టేడియం గేటుకి ఎదురుగా బార్ నడుపుతాడు. ఆదివారం ఆటలు ఉంటేనే ఆ బార్. అతనూ ఐరీన్ దగ్గరే పళ్ళెం నింపించుకుని, దాన్ని చేత్తో పట్టుకుని చెల్లెలి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఏమే బెర్నీ, వ్యాపారం బాగున్నట్టు లేదే."

"నీ బార్ కంటే నయం. వాన రోజున నీ దగ్గరికి ఈగలు కూడా రావు."

"మంగళవారం తర్వాత అన్నీ వాన రోజులేగా. నీ పుణ్యమా అని."

"చేప చల్లారిపోతుంది. వెళ్ళి తిను వాల్ట్."

"నాన్న ఉంటే ఏమనేవాడో ఆలోచించావా?"

"నాన్న ఉంటే ముందు నా చేతి పళ్ళెం తీసుకునేవాడు."

వాల్ట్ పళ్ళెం బల్ల మీద పెట్టబోయి, మళ్ళీ ఎత్తుకుని, వెళ్ళి గోడ పక్కన కూర్చున్నాడు.

అప్పుడే మెట్ల దగ్గర కలకలం రేగింది. కుర్చీలు వెనక్కి జరిగాయి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, గదంతా అందుకుంది. మెట్లు దిగి వస్తున్నది గ్రేడన్ హాల్‌స్టెడ్.

డెబ్బై దాటిన మనిషి, పొడుగ్గా, కొంచెం వంగి ఉంటాడు. మామూలు కోటు, తల మీద స్టోకర్స్ ఉన్ని టోపీ. మీదపడుతున్న చేతుల్ని కలుపుతూ, ఒక ముసలమ్మ చెంపకు ముద్దుపెట్టి, రెండు వరుసలూ చూశాడు. చూసి నేరుగా వచ్చి బెర్నడెట్ ముందు నిలబడ్డాడు. చప్పట్లు ఆగిపోయాయి.

"ముళ్ళుండవు కదా?" అన్నాడు.

"మా దగ్గర ఉండవు."

"అయితే పెట్టండి. పియెరోగీ ఇంకొకటి వెయ్యండి. మీరూ కాసేపు నాతో కూర్చోవాలి, బెర్నడెట్ గారూ. ఇక్కడ మిమ్మల్ని అడిగేవాళ్ళెవరూ ఉన్నట్టు లేరు."

అప్పటివరకూ ఆ రోజు ఆమె చేతి నుంచి పళ్ళెం తీసుకున్నది అతనొక్కడే.

బాయిలర్ గది తలుపు పక్కనున్న బల్ల దగ్గర కూర్చున్నారు. అందరికీ కనిపిస్తారు, ఎవరికీ వినిపించరు. హాల్‌స్టెడ్ చేప మీద నిమ్మకాయ పిండుకుని ఆకలిగా తిన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి మీతో ఇలా ఉంటున్నారు వీళ్ళు?"

"క్రిస్మస్ నుంచి."

"తట్టుకోగలరా?"

"నన్ను బెదిరించడానికి చర్చికి రావలసిన పని లేదండీ. ఫోను చేస్తే సరిపోయేది."

"బెదిరించడానికి రాలేదు." క్యాబేజీ నములుతూ అతను గది వైపు చూసి ఎవరికో చెయ్యి ఊపాడు. "మధ్యాహ్నం రోర్క్‌తో ఆలోచించుకుంటానన్నారట. అది తెలిసి వచ్చాను. మీరు ఆలోచించకండి. రెండేళ్ళ నుంచి ఏం చెబుతున్నారో మంగళవారం కూడా అదే చెప్పండి."

బెర్నడెట్‌కి సరిగ్గా వినపడలేదేమో అనిపించింది. ఏప్రన్ అంచుతో చేతులు తుడుచుకుంది.

"వద్దని ఓటెయ్యమంటున్నారా?"

"మెల్లగా. మీ వాళ్ళు చూస్తున్నారు."

"జట్టు మీది. స్టేడియం కావాలన్నదీ మీరే."

"దక్షిణాది వాళ్ళు దీనికి రెట్టింపు ఇస్తున్నారు. కానీ నా ఇష్టం వచ్చినట్టు మూట కట్టుకుని పోవడానికి లేదు. మిగతా జట్ల యజమానులు ఒప్పుకోవాలి. ఊరే మమ్మల్ని కాదంది, మేమేం చేస్తాం అని నేను వాళ్ళ ముందు నిలబడి చెప్పగలగాలి. ఊరు కాదనాలంటే మీరు కాదనాలి."

"నేను అవునంటేనో?"

"ఇస్తే తీసుకుంటాను." ఇది అతను సిగ్గుపడకుండా, గొప్పగా కూడా అనకుండా చెప్పాడు. "కడతాం. పన్నెండేళ్ళు ఆడతాం. మిగతా ఊళ్ళ స్టేడియాల కంటే ఇది తీసికట్టయితే మేం వెళ్ళిపోవచ్చని ఒప్పందంలో ఉంది. పన్నెండేళ్ళకి ఏ స్టేడియమైనా తీసికట్టే. అప్పటికి నేను ఉండను. నా కూతురు ఒక్క రోజు కూడా ఆగదు. ఈ ఊరంటే దానికి నాకున్నంత ఇది కూడా లేదు."

"మీకుందా?"

"నేను పుట్టింది నది అవతలే. మీకు తెలుసుగా."

బెర్నడెట్ మెదడు బస్సు నడిపేటప్పటిలాగా ముందు దారులన్నీ వెతికింది. అవునంటే ఊరు ముప్పై ఏళ్ళు బాకీ కడుతుంది, జట్టు పన్నెండేళ్ళకు పోతుంది. కాదంటే జట్టు ఈ వేసవిలోనే పోతుంది, దాన్ని పంపించేసింది బెర్నడెట్ అవుతుంది. మూడోదారి ఎంత వెతికినా కనిపించలేదు.

"ఇప్పుడే లేచి అందరికీ చెప్పేస్తాను" అంది.

"చెప్పండి." అతను మూతి తుడుచుకున్నాడు. "వీళ్ళలో ఎవరు నమ్ముతారో వెతకండి. నేను అబద్ధమనను కూడా. ఊరికే నవ్వుతాను, చాలు. మీమీద నాకు కోపం లేదండీ. ఈ ఊళ్ళో అన్నమాట మీద నిలబడ్డ మనిషి మీరొక్కరే. ఆ మాట మీదే ఇంకో నాలుగు రోజులు నిలబడమంటున్నాను."

అతను లేచాడు. ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తల వంచి, ఒక్క క్షణం అలా నిలబడ్డాడు. గదిలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. అంత పెద్ద మనిషి, కోటీశ్వరుడు, బడి బస్సు నడిపినావిడ ముందు తలవంచి ప్రాధేయపడుతున్నాడు. అందరూ చూసింది అదే. నేనూ అదే చూశాను.

అతను మెట్లెక్కి వెళ్ళిపోయాక వాల్ట్ వచ్చాడు. ముఖం ఎర్రబడి ఉంది.

"అంతటివాడు నీ చెయ్యి పట్టుకుని బతిమాలాడు. ఇంకేం కావాలే నీకు? నీ కాళ్ళు పట్టుకోవాలా?"

"వద్దని ఓటెయ్యమని బతిమాలాడు వాల్ట్."

"ఏంటి?"

"వాడికి పోవాలనుంది. మనం పొమ్మంటే పోతాడు. అందుకే వద్దనమన్నాడు."

 వాల్ట్ గొంతు తగ్గింది. అరిచినా ఆమెకు అంత బాధ కలిగేది కాదు.

"నువ్వు మొండిదానివని తెలుసు. నలుగురిలో నన్ను తలదించుకునేలా చేశావు, పోనీలే అనుకున్నాను. అబద్ధాలాడతావని మాత్రం అనుకోలేదు. అదీ చర్చిలో."

"అన్నయ్యా, నా మాట విను."

"అతన్నే అడుగుతాను" అని అతను మెట్లవైపు నడిచాడు.

బెర్నడెట్ ఏప్రన్ విప్పకుండానే వెనక తలుపు తీసుకుని పార్కింగు స్థలంలోకి వచ్చింది. సాయంత్రపు వెలుతురు ఇంకా ఉంది. సరస్సు మీద నుంచి గాలి రివ్వున వీస్తోంది, కరగని మంచు గోడల పక్కన నల్లగా పేరుకుని ఉంది. మేయర్‌కి ఫోను చేద్దామనుకుంది. ఆ అవసరం లేకపోయింది. తపస్సుకాలంలో ప్రతి చర్చికీ తిరిగి చేపలు తిని చేతులు కలపడం ఎమెట్ రోర్క్‌కి అలవాటు. అప్పుడే కారు దిగుతున్నాడు.

"రోర్క్ గారూ, మీతో మాట్లాడాలి. హాల్‌స్టెడ్ జట్టుని ఉంచడానికి రాలేదు. వద్దని ఓటెయ్యమని నాతోనే అన్నాడు. మనల్ని ఆడిస్తున్నాడు."

రోర్క్ కారు తలుపు మూశాడు. మెడలో కండువా సర్దుకున్నాడు. అతను ఆశ్చర్యపోతాడనుకుంది. కనీసం నటిస్తాడనుకుంది.

"అతను మీకు చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు.

గాలికి ఆమె ఏప్రన్ టపటపా కొట్టుకుంది.

"మీకు తెలుసా?"

"నవంబరు నుంచీ తెలుసు. లోపలికి వెళ్దామా? చలిగా ఉంది."

"మరి ఫైర్ స్టేషన్ ఇస్తానని ఈ మధ్యాహ్నం ఎందుకన్నారు?"

రోర్క్ చెడ్డవాడు కాదు. అలా అని నేనిప్పటికీ అంటాను. అలిసిపోయిన మనిషి. కారుకి ఆనుకుని నిలబడ్డాడు.

"మీరు ఒప్పుకోరనుకున్నాను. బెర్నడెట్ వోయ్తాస్‌కి లంచం చూపిస్తే నా ముఖాన కొట్టి పోతుంది, నేను అన్ని విధాలా ప్రయత్నించానని రేపు పత్రికల వాళ్ళకు చెప్పుకోవచ్చు, అంతే అనుకున్నాను. మీరేమో ఆలోచించుకుంటానన్నారు. అప్పటి నుంచీ నాకు మెతుకు దిగలేదు."

"అంటే స్టేషన్ తెరవరా?"

"దేంతో తెరవను? ఓటింగు నెగ్గితే ఉన్నదంతా ఆ స్టేడియం బాకీకే పోతుంది. మీ స్టేషన్ తెరవడం అటుంచి, ఇంకో రెండు మూసుకోవాలి. ఊరు మునుగుతుంది బెర్నడెట్ గారూ. ఓడిపోతే ఊరు బతుకుతుంది, జట్టు పోతుంది. జట్టును పోగొట్టిన మేయర్ మళ్ళీ గెలవడు. అందుకని ఆ పాపం ఇంకెవరిదైనా అవ్వాలి."

"నాది."

"మీరు మొదటి నుంచీ వద్దనే అంటున్నారు. ఎందుకన్నారని మిమ్మల్నెవరూ అడగరు."

"నేను అవునంటే?"

రోర్క్ చర్చి గోడవైపు చూశాడు. "నెగ్గదు. అవునంటున్న నలుగురిలో ఒకరు మారతారు. మాట అయిపోయింది. ఎవరని అడక్కండి. కానీ ఇన్నాళ్ళూ అవునన్న మనిషి చివరి నిమిషంలో కాదంటే పత్రికలవాళ్ళు వదలరు. ఎందుకు మారారు, ఎవరు మార్చారు అని తవ్వుతారు. అది నా గుమ్మం దాకా వస్తుంది. ఆ మనిషి పిల్లల దాకా వెళుతుంది. మీరు వద్దంటే ఇదేం ఉండదు."

"అంటే నేను ఏం చేసినా ఒకటే."

"ఊరికి ఒకటే" అన్నాడు రోర్క్. "మాకు కాదు. అందుకే అడుగుతున్నాను."

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. జెనీవా ఇంటి ముందు నిలబడ్డప్పుడు, వంతెన ఎప్పుడు దిగుతుందా అని నది వైపు చూస్తూ ఉన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. అందరికీ విషయం తెలుసు, బండి దారిలోనే ఉంది, ఏం లాభం.

ఆమె లోపలికి వచ్చింది. తన బల్ల దగ్గరికి వెళ్ళి చల్లారిన పళ్ళేల్ని ఒకదాంట్లోకి ఒకటి ఒంపుతుంటే వెనక నుంచి ఎవరో భుజం పట్టుకున్నారు. వాల్ట్. పరిగెత్తి వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"బెర్నీ, నువ్వన్నది నిజమే."

"ఏం జరిగింది?"

"ముందు వీధిలో కారు దగ్గర పట్టుకున్నాను. మా చెల్లెలితో ఏమన్నారండీ అని అడిగాను. నా భుజం తట్టాడు. 'మీ చెల్లెలు మంచి మనిషి, ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకండి, తన మానాన తనను వదిలెయ్యండి' అన్నాడు." వాల్ట్ ముఖం తుడుచుకున్నాడు. "జట్టుని ఇక్కడే ఉంచాలనుకునేవాడు అలా అంటాడా? ఇంకా గట్టిగా చెప్పండి, వదలకండి అంటాడు గానీ. నన్ను క్షమించవే. క్రిస్మస్ నుంచీ నీతో కుక్కలా ప్రవర్తించాను."

అతను ఆమె బల్ల మీది పళ్ళెం ఒకటి తీసుకుని, చల్లారిన చేపను చేత్తో తుంచి నోట్లో పెట్టుకున్నాడు. క్రిస్మస్ తర్వాత మొదటిసారి ఆమెకు ఊపిరాడింది.

"వాడికి కాదనే మాట కావాలి కాబట్టి మనం ఇవ్వద్దు" అన్నాడు నములుతూ. "అవునను. చచ్చినట్టు ఉంటాడు. పన్నెండేళ్ళో పదేళ్ళో, ఉన్నన్నాళ్ళు ఉండనీ. వాడి మాటతోనే వాణ్ణి కట్టేద్దాం."

"అంత తేలిక కాదు వాల్ట్. నేను ఇప్పుడే బయట..."

"నువ్వేం మాట్లాడకు. ఇన్నాళ్ళూ ఒక్కదానివే పడ్డావు. ఇది నన్ను చెప్పనీ."

ఆమె అతని చొక్కా పట్టుకోబోయింది, దొరకలేదు. వాల్ట్ కుర్చీ లాక్కుని ఎక్కాడు. బార్ నడిపే మనిషి గొంతు, మైకు అక్కర్లేదు.

"అందరూ వినండి. మా చెల్లెలు మంగళవారం అవునని ఓటేస్తోంది. స్టోకర్స్ ఎక్కడికీ పోరు."

 ఐరీన్ చేతిలోని గరిట కింద పెట్టేసి చప్పట్లు కొట్టింది. గదంతా లేచి నిలబడింది. బూట్ల వంక చూసుకున్న ముసలాయన అందరికంటే ముందు వచ్చి బెర్నడెట్ చెయ్యి పట్టుకుని, "నాకు తెలుసమ్మా, నువ్వు మనదానివే" అన్నాడు. ఆడవాళ్ళు కావలించుకుంటున్నారు. ఐరీన్ వరుస కరిగి బెర్నడెట్ బల్ల వైపు తిరిగింది. పళ్ళేలు చాచిన చేతులు, తడిసిన కళ్ళు. ఆమె నోరు తెరిచింది. ఒక్క మాట చెబితే ఈ ముఖాలన్నీ మళ్ళీ మూసుకుపోతాయి. చెప్పకపోతే మంగళవారం దాకా ఇలాగే ఉంటాయి. కుర్చీ మీద నిలబడ్డ అన్న పెళ్ళినాటి నవ్వు నవ్వుతున్నాడు.

ఆమె నోరు మూసుకుని, గరిట అందుకుని, ముసలాయన పళ్ళెంలో చేప పెట్టింది.

తల ఎత్తేసరికి మెట్ల కింద ఎమెట్ రోర్క్ కనిపించాడు. ఎప్పుడొచ్చాడో, వాల్ట్ మాట ఎంతవరకు విన్నాడో తెలియదు. అందరితో పాటు అతనూ చప్పట్లు కొడుతున్నాడు, అందరికంటే గట్టిగా, చిరునవ్వుతో. తర్వాత చప్పట్లు ఆపి, జేబులోంచి ఫోను తీసి, గోడ వైపు తిరిగి ఎవరికో చేశాడు. అవతలివాళ్ళు వెంటనే ఎత్తినట్టున్నారు. రోర్క్ రెండే రెండు మాటలు మాట్లాడాడు. గదిలో ఆ చప్పుడు మధ్య ఆమెకు మొదటి మాటే అందింది. అది ఒక పేరు, అవునంటున్న ఆ నలుగురిలో ఒకరిది.

ఆ పేరు గల మనిషి కిందటి వారం ఆమె వంటింట్లో కూర్చుని కాఫీ తాగి వెళ్ళింది.